ట్యాంకు మీద జెండా కర్ర

ఐనార్ దగ్గర రెండు జతల చెక్క చెప్పులు ఉండేవి. నల్లవి ఊరికి, తెల్లవి నీళ్లకి. మా హెస్సెల్‌రూప్ ఊరి నీటి కేంద్రం గుమ్మం దగ్గర నల్లవి విడిచి, చేతులు కడుక్కుని, తెల్లవి తొడుక్కునేవాడు. లోపలికి ఎవరొచ్చినా అదే రూలు. ఒకసారి పట్నం నుంచి వచ్చిన పెద్ద అధికారి ఒకాయన బూట్లతో అడుగు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "అయ్యా, మీరు ఏ పశువుల కొట్టంలో తొక్కి వచ్చారో నాకు తెలీదు. ఊరంతా తాగే నీళ్లివి," అన్నాడు. ఆయన ముఖం కందగడ్డ చేసుకుని మేజోళ్లతోనే లోపల తిరిగాడు. జనవరి నెల, గచ్చు నేల. ఆ వేళ నాకు కడుపు నిండినంత సంతోషమైంది.

నా పేరు ఏస్గర్. కమ్మరిని. ఇప్పుడు మోకాళ్లు పోయాయి, కొలిమి ఆరిపోయి పదేళ్లయింది. ఊరి నీటి సంఘానికి కార్యదర్శిని, అంటే ఏడాదికోసారి జరిగే సమావేశంలో ఎవరేం కూశారో పుస్తకంలో రాసేవాణ్ణి. ఐనార్, నేను ఒకే బల్ల మీద చదువుకున్నాం. ఇదంతా రాయాలని నాకేం సరదాగా లేదు. ఓపిక కూడా లేదు. కానీ ఊళ్లో ఇప్పటికే ఈ కథ తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు, అందులో నా వంతు మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు.

మా డెన్మార్కులో తాగే నీళ్లలో క్లోరిన్ లాంటి మందు కలపం. లోతు బావిలోంచి తోడతాం, మెట్ల మీద నుంచి దూకించి గాలి తగిలిస్తాం, అప్పుడు నీళ్లలో ఉన్న ఇనుము తుప్పై తేలుతుంది, దాన్ని ఇసుకలో వడగడతాం. అక్కడి నుంచి ట్యాంకుకి, ట్యాంకు నుంచి ఇళ్లకి. అంతే. ఆ రుచి చూసి మాకు గొప్ప. పక్క దేశాలకి వెళ్లొచ్చిన ప్రతివాడూ ఇంటికి రాగానే కుళాయి తిప్పి ఒక గ్లాసు తాగి "అమ్మయ్య" అంటాడు. ఆ గొప్ప ఊరికే నిలబడదు. మందు కలిపే చోట చిన్న తప్పు జరిగితే మందు చూసుకుంటుంది. మా దగ్గర తప్పుకీ తాగే గ్లాసుకీ మధ్య ఐనార్ తప్ప ఎవరూ లేరు.

ఆ సంగతి వాడికి తెలుసు, అదే వాణ్ణి నిలవనిచ్చేది కాదు. పొద్దున్నే వెళ్లి పంపు మోత వినేవాడు. వారానికోసారి ఇసుకని కిందనుంచి నీళ్లతో ఎదురు తోసి కడిగేవాడు. కాచిన కాఫీ రంగులో మురికి పోతుంటే అది తేటపడే దాకా కదిలేవాడు కాదు. గాలి గొట్టం మీద జల్లెడ, మూత చుట్టూ రబ్బరు పట్టీ, చేత్తో తడిమి చూసేవాడు. చివర్లో ఒక గ్లాసు పట్టి, కిటికీ వెలుగులో చూసి, వాసన చూసి, తాగేవాడు. నార్వేలో చెల్లెలింటికి రెండు వారాలని బయల్దేరి మూడో రోజుకే తిరిగొచ్చాడు. "పంపు మోత లేకపోతే నిద్ర పట్టలేదురా," అన్నాడు. పెళ్లి చేసుకోలేదు. అడిగితే, "దానికెక్కడ తీరిక," అనేవాడు. మేం నవ్వేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

వాడి సేవకి పాతికేళ్లు నిండినప్పుడు ఊరు ఒక బహుమతి ఇవ్వాలనుకుంది. మా ఊళ్లో ప్రతి ఇంటి ముందూ జెండా కర్ర ఉంటుంది. పుట్టినరోజుకి జెండా ఎగరేస్తాం, చావుకి సగం దాకా దించుతాం. నీటి కేంద్రానికి మాత్రం కర్ర లేదు. ఆ ఆలోచన నాదే, పాపం దాచుకోను. ఎనిమిది మీటర్ల తెల్ల కర్ర తెప్పించాను. ఎక్కడ పాతాలన్నదీ నేనే చెప్పాను. మా ట్యాంకు భూమిలో ఉంటుంది, పైన మట్టి కప్పి గడ్డి పెంచిన దిబ్బ. ఊళ్లో అంతకంటే ఎత్తు చోటు లేదు. అక్కడ జెండా ఎగిరితే చర్చి దగ్గర నుంచి కూడా కనిపిస్తుంది.

ఆ రోజు పారతో మట్టి తవ్వి, ట్యాంకు కప్పు తగిలాక డ్రిల్లుతో నాలుగు చిల్లులు వేస్తున్నాను. ఐనార్ వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఒరేయ్, ఇక్కడ వద్దేమోరా. కింద ట్యాంకుంది."

"కప్పు జానెడు మందం. నా బోల్టు బెత్తెడు. కాంక్రీటు సంగతి నాకు చెప్తావా?"

"కాంక్రీటు కాదురా. దాని మీద తారు పొర ఉంటుంది. వాన నీళ్లు దిగకుండా అదే ఆపేది."

"చిల్లు చుట్టూ మళ్లీ తారు పూస్తాలే. ఊరంతా కలిసి ఇస్తుంటే సణుగుడేంటిరా నీకు? పక్కకి జరుగు."

వాడు పక్కకి జరిగాడు. అప్పటికే బాకాలు ఊదేవాళ్లు వచ్చేశారు. మా సంఘం అధ్యక్షురాలు, బడిలో పంతులమ్మగా చేసి రిటైరైన గ్రేతె, కేకు పట్టుకుని నిలబడి ఉంది. జెండా పైకి వెళ్తుంటే అందరూ పాడారు. ఐనార్ కళ్లు తుడుచుకున్నాడు. సంతోషంతోనే అనుకున్నాం.

ఆ తర్వాత ఆరేళ్లు. ప్రతి చలికాలం మంచు పట్టింది, విడిచింది. గాలి వేసినప్పుడల్లా ఆ ఎనిమిది మీటర్ల కర్ర ఊగింది, కింద నా బోల్టులు కదిలాయి. మాకేం కనిపిస్తుంది? పైన జెండా రెపరెపలాడుతూనే ఉంది.

కిందటేడాది వసంతంలో పట్నం నీటి కంపెనీ నుంచి ఒక ప్రతిపాదన వచ్చింది. మీ చిన్న కేంద్రం మూసేయండి, మా పెద్ద పైపు మీ ఊరికి వేస్తాం అని. వచ్చే మార్చి సమావేశంలో ఓటు పెట్టాలని తీర్మానం. ఆ వేసవంతా ఐనార్‌ది ఒకటే మాట: "ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క నీటి పరీక్ష కూడా తప్పలేదురా. ఈ ఒక్క ఏడూ గట్టెక్కితే మూసేద్దామనే ధైర్యం ఎవడికీ ఉండదు." వాడికి జీతం మీద ఆశ లేదు, పేరు మీద ఆశ లేదు. ఆ పంపు వాడి తర్వాత కూడా తిరుగుతూ ఉండాలి. అదొక్కటే కోరిక.

సెప్టెంబరులో పది రోజులు విడవకుండా వాన కురిసింది. ఆ తర్వాతి గురువారం ప్రయోగశాల నుంచి ఫోను. నీళ్లలో ఉండకూడని క్రిములు ఉన్నాయట. మధ్యాహ్నానికల్లా మున్సిపాలిటీ నుంచి సిద్సెల్ అనే అమ్మాయి వచ్చింది. ఇంజనీరు, చెప్పకుండానే బూట్లు విడిచింది. "ఐనార్ గారూ, నీళ్లు మరిగించి తాగమని చెప్పాలండీ. ఇవాళే," అంది. ఐనార్ తలూపాడు. గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

ఫోన్లకి సందేశాలు వెళ్లాయి. ముసలివాళ్లు ఫోను ఎక్కడ చూస్తారని ఐనార్, నేను కాగితాలు పట్టుకుని నూట ముప్పై ఇళ్లు తిరిగాం. తాగడానికి, పళ్లు తోముకోడానికి, కూరలు కడగడానికి, అన్నిటికీ మరిగించిన నీళ్లే. వారం గడిచేసరికి ఊరికి విసుగొచ్చింది. రెండో వారానికి నోళ్లు లేచాయి. కిరాణా కొట్టులో ఒకడు, "ఏం ఐనార్, తెల్ల చెప్పులు కడుక్కున్నావా?" అన్నాడు. వృద్ధాశ్రమంలో గేర్దా అనే తొంభై ఏళ్ల ముసలావిడకి వారం రోజులు కడుపు పాడైంది. నీళ్ల వల్లనో కాదో డాక్టరే చెప్పలేకపోయాడు. ఐనార్ మాత్రం రోజూ వెళ్లి పక్కన కూర్చునేవాడు. ఆవిడ గట్టిది, వాడి చెయ్యి పట్టుకుని, "ఏడవకు నాయనా, నలభై ఏళ్ల మలబద్ధకం ఒక్క వారంలో వదిలించావు," అంది. గది గదంతా నవ్వింది. వాడు నవ్వలేదు.

సిద్సెల్ పద్ధతిగా వెతికింది. కుళాయి మూతిని మంటతో కాల్చి, ప్రతి చోటా సీసాలో నీళ్లు పట్టింది. బావి దగ్గర శుభ్రం. ఇసుక దాటాక శుభ్రం. ట్యాంకులో మాత్రం చెడు. ఐనార్ మూత రబ్బరు మార్చాడు, జల్లెడ మార్చాడు, అన్నీ బాగానే ఉన్నాయి, అయినా మార్చాడు. "నేనే ఎప్పుడో చేతులు సరిగ్గా కడుక్కోలేదేమోరా," అనేవాడు. మనిషి సగమయ్యాడు. చూస్తుంటే నాకూ నీరసం వచ్చేది.

అక్టోబరులో ఒక పొద్దున నన్ను పిలిచాడు. ట్యాంకులో రెండు గదులు. ఒకటి మూసి ఖాళీ చేశాడు. కడిగిన రబ్బరు బూట్లు వేసుకుని, దీపం, ఒక బకెట్టు తీసుకుని అందులోకి దిగాడు. నాకు రెండు పూలమొక్కల నీళ్ల క్యాన్లు ఇచ్చి పైన దిబ్బ మీద నిలబడమన్నాడు. నేను ఒక్కో చోట నీళ్లు పొయ్యాలి. లోపల ఎక్కడ కారుతుందో వాడు చూస్తాడు.

"తూర్పు మూల పొయ్యి!" మూతలోంచి గొంతు నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది.

పోశాను. పావుగంట ఆగాం.

"ఏమన్నా ఉందా?"

"లేదు. ఉత్తరం మూల."

అదీ లేదు. పడమర, దక్షిణం, మూత పక్కన, గాలి గొట్టం చుట్టూ. ఒక్కో చోటికీ పావుగంట. నడుం విరిగింది, మోకాళ్లు చచ్చుబడ్డాయి.

"ఒరేయ్, పైకి రా. కాఫీ తాగుదాం."

"నీళ్లు మరిగించావా?"

"ఛీ, పోరా!"

వాడు నెమ్మదిగా అన్నాడు: "ఇంకొక్కటి మిగిలింది. కర్ర మొదట్లో పొయ్యి."

నా చేతిలో క్యాను బరువెక్కింది. పోశాను. నీళ్లు మట్టిలో నిలవలేదు, కర్ర పక్కనుంచి గుటుక్కున లోపలికి పోయాయి. క్యాను సగం కూడా అవ్వలేదు.

"చాల్లే, ఆపు."

"కారుతోందా?"

"నా నెత్తి మీదే."

వంగి మూతలోంచి చూశాను. దీపం వెలుగులో ఐనార్ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు, తల మీద నుంచి మట్టి నీళ్లు కారుతున్నాయి. పైన కప్పు పగుల్లోంచి గడ్డి వేళ్లు సన్నగా వేలాడుతున్నాయి. అప్పుడు గమనించాను. పొద్దున దిగింది మొదలు ఆ బకెట్టు జరిపిన చప్పుడు ఒక్కసారి కూడా వినలేదు. సరిగ్గా కర్ర కిందే వేసుకుని కూర్చున్నాడు. మిగతా అన్ని చోట్లా నాతో ఎందుకు పోయించాడో అప్పుడు అర్థమైంది. ఇంకెక్కడైనా కారితే బాగుండునని ఆశపడ్డాడు, నా కోసం.

పైకి వచ్చి తువ్వాలుతో తల తుడుచుకుంటూ, "ఎవరికీ చెప్పకు. కప్పు పాతదై పగిలిందంటాను. సిద్సెల్‌కి అసలు సంగతి చెప్తాను, మరమ్మతు చెయ్యాలి కాబట్టి. ఊళ్లో మాత్రం వద్దు," అన్నాడు.

"ఎందుకురా?"

"నువ్వు ఊళ్లో తిరగాలిగా."

నాకు కోపం వచ్చింది. వాడి మీద కాదు, నా మీదా కాదు, దేని మీదో తెలీదు. క్యాను కంచె అవతలికి విసిరేశాను. అయినా నోరు మూసుకున్నాను. నేను పిరికివాణ్ణి. అంతకంటే వివరం లేదు.

కర్ర పీకి కంచె పక్కన పడేశాం. కప్పు మీద మట్టి తీసి, పగుళ్లు పూడ్చి, కొత్త తారు పొర పరిచారు. ట్యాంకు గోడలు రుద్ది కడిగారు. వరుసగా రెండు పరీక్షలు శుభ్రంగా వచ్చాయి. ఏడు వారాలకి మరిగించే గొడవ తీరింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అనుకోండి, అప్పటికి ఊరి నమ్మకం చెడిపోయింది. నా భార్య బోదిల్‌కి ఒక్కదానికే నిజం చెప్పాను. ఆ చలికాలమంతా అది నన్ను ప్రశాంతంగా తిననిస్తే ఒట్టు. "అవతల ఆ మనిషి మాటలు పడుతుంటే నీకు ఆ రొట్టె గొంతు ఎలా దిగుతోందయ్యా?" అనేది. దిగేది కాదు.

మార్చి సమావేశం. ఊరి సభాభవనంలో ఎప్పటిలాగే కాఫీ, రై రొట్టె మీద హెర్రింగు చేప, మొదట ఒక పాట. నిండా జనం. అంతమంది ఏ ఏడూ రాలేదు. ఐనార్ లేచి ఏడాది నివేదిక చదివాడు. ఇన్ని వేల ఘనపు మీటర్లు తోడాం, ఇన్నిసార్లు ఇసుక కడిగాం. చివర్లో కాగితం మడిచి, "ట్యాంకు కప్పు పాతది. పగిలింది. చూసుకోవాల్సింది నేను, చూసుకోలేదు. తప్పు నాది," అన్నాడు.

గ్రేతె నా వైపు తిరిగింది. "రాసుకున్నారా ఏస్గర్ గారూ?"

నా కలం కదల్లేదు. లేచి నిలబడ్డాను. కుర్చీ వెనక్కి పడిపోయింది.

"అబద్ధం. కప్పుకి చిల్లు పెట్టింది నేను. జెండా కర్ర కోసం. వద్దురా అని వాడు చెప్పాడు. నేను వినలేదు. అక్టోబరు నుంచి నాకీ సంగతి తెలుసు, కుక్కిన పేనులా పడి ఉన్నాను. ఏడు వారాలు మీరు తిట్టాల్సింది నన్ను."

వెనకనుంచి ఎవరో, "ఆ కర్ర మేమందరం కలిసి ఇచ్చిందేగా," అన్నారు. తిలా పాపం తలా పిడికెడు. కొందరు తలలు దించుకున్నారు. కిరాణా కొట్టులో తెల్ల చెప్పుల మాట అన్నవాడు కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. ఇక ఐనార్ మీద మచ్చ పోయింది, కేంద్రం నిలబడుతుంది అని నాకు ఒక్క క్షణం ఆశ పుట్టింది.

అప్పుడు ఐనార్ నా మీద విరుచుకుపడ్డాడు. వాడు గొంతు పెంచడం నేను వినడం అదే మొదలు, అదే ఆఖరు.

"కూర్చోరా! చిల్లు నువ్వు పెట్టావు, నిజమే. దానికి కాపలా ఎవరు? నేను. బూట్లు విప్పమని అధికారికి చెప్పినవాణ్ణి, నీకు గట్టిగా చెప్పలేకపోయాను. బాకాలు వచ్చాయి, కేకు వచ్చింది, అందరూ సంతోషంగా ఉన్నారు, ఎందుకులే అని మొహమాటపడ్డాను. నీళ్ల దగ్గర మొహమాటం పనికిరాదు. ఆ ఒక్క రోజుకి పరవాలేదులే అనుకున్నాను. అంతే."

జనం లేచి చప్పట్లు కొట్టారు. చాలాసేపు కొట్టారు. గేర్దా చక్రాల కుర్చీలోంచి కర్రతో నేల మీద కొట్టింది. గ్రేతె కళ్లు ఒత్తుకుంది. ఆ తర్వాత ఓటు చీటీలు పంచారు. మడిచినవన్నీ డబ్బాలో వేశాం, నేనే లెక్కపెట్టాను, రెండుసార్లు. పట్నం పైపుకి డెబ్భై నాలుగు. మా కేంద్రానికి యాభై ఒకటి. చప్పట్లు ఐనార్‌కి, ఓట్లు పట్నానికి.

ఎవరినీ తప్పు పట్టలేను. ఇంట్లో పసిపిల్లలున్నవాళ్లు ఏం చేస్తారు? మంచి మనిషే, కానీ మొహమాటపడతాడు. అది వాడి నోటితోనే విన్నారు. నేను నోరు తెరవకుండా ఉంటే వాడు పాత కప్పు అనేవాడు, కొత్త కప్పు వేశాం అనేవాడు, ఒకవేళ గట్టెక్కేవాడేమో. బోదిల్ అలా కాదంటుంది. నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ సెప్టెంబరులో పట్నం పైపు కలిపారు. సిద్సెల్ కాగితాలు తెచ్చింది. గుమ్మం దగ్గర బూట్లు విప్పింది, పాపం, అప్పుడు కూడా. ఐనార్ చివరిసారి గ్లాసు పట్టి, కిటికీ వెలుగులో చూసి, తాగాడు. కొంచెం మిగిల్చి నాకిచ్చాడు, నేనూ తాగాను. తర్వాత తనే వెళ్లి పంపు ఆపాడు. ముప్పై రెండేళ్ల మోత ఆగింది. చెవుల్లో ఏదో తెగినట్టయింది. సిద్సెల్ వాడి భుజం మీద చెయ్యి వేసి, "మీరు చాలా బాగా చూసుకున్నారండీ," అంది. వాడు ఊఁ అన్నాడు.

బయటికి వచ్చాం. గడ్డి మీద తడి. కొంత దూరం నడిచాక చూశాను, ఐనార్ కాళ్లకి తెల్ల చెప్పులే ఉన్నాయి. గుమ్మం దగ్గర మార్చుకోలేదు. ఆ తెల్ల చెప్పులతో మట్టిలో, పెంటలో నడిచి వస్తున్నాడు.

కంచె పక్కన జెండా కర్ర అలాగే పడి ఉంది, మీద నాచు పట్టింది. వాడు దాని దగ్గర ఆగాడు. మాట కలపాలని, "దీన్నేం చేద్దాంరా?" అని అడిగాను.

వాడు వెనక్కి తిరిగి గడ్డి దిబ్బ వైపు చూశాడు.

"నీ ఇష్టం వచ్చిన చోట పాతుకో ఏస్గర్. ట్యాంకు మీదైనా పర్లేదిప్పుడు."